పడుగు దిగాక అడిగే మాట

పళ్లు చేసే కంపెనీలో పనిచేస్తున్నానంటే మా చుట్టాలు చాలాకాలం నమ్మలేదు. పళ్లపొడి చేస్తారేమో అనుకుని, ఈసారి వచ్చేటప్పుడు నాలుగు డబ్బాలు తెమ్మన్న పెద్దమ్మ కూడా ఉంది. మేము నిజంగానే పళ్లు చేసేవాళ్లం. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు వెనక సందులో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య, రెండో అంతస్తులో రెండు గదుల ల్యాబు. అయిదుగురం మనుషులం. డాక్టర్లు రోగి పళ్ల అచ్చు తీసి పంపుతారు. దాన్నిబట్టి మేము పింగాణీతో క్యాపు చేసి, పక్క పళ్ల రంగుకు సరిపోయేలా రంగు కలిపి, కాల్చి తిరిగి పంపాలి. ఆ రంగు కలిపే పని నాది. పదిహేనేళ్లు చేశాను.

ఆ పదిహేనేళ్లలో నీకేం మిగిలిందని అడిగేవాళ్లకు కొదవ లేదు. ఒక్కచోటే పాతుకుపోతే ఇంతే అన్నవాళ్లున్నారు, కష్టం ఊరికే పోదులే అన్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మీదా నాకు సమానంగా కోపం వస్తుంది. జరిగింది చెబుతాను.

మాది చౌటుప్పల్ దాటి లోపలికి వెళితే వచ్చే నేతగాళ్ల ఊరు. పట్నంలో పోచంపల్లి చీరలని అమ్మేవి మా దగ్గరా నేస్తారు. కళ్లు మందగించి నాయిన మగ్గం దిగాక అందరం సరూర్‌నగర్‌కు వచ్చి కిరాయి ఇంట్లో దిగాం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణంలో చీరలు విప్పి చూపించి, మళ్లీ మడతపెట్టే పని ఆయనకు దొరికింది. నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్నాను. ఆ దుకాణానికి చీర కొనడానికి వచ్చిన ఒక మేడమ్, మా ల్యాబులో రంగులు గుర్తుపట్టే పిల్ల కావాలని మాటవరసకు అంటే, నాయిన మర్నాడే నన్ను తీసుకెళ్లి అక్కడ నిలబెట్టాడు.

ల్యాబు ఆ మేడమ్ భర్తది. తెనాలి వైపు మనిషి. అందరూ సార్ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. ఆయన బల్ల మీద పన్ను ఆకారంలో ఉన్న చిన్న పింగాణీ బిళ్లలు పదహారు కలగాపులగంగా పోసి, "తెలుపు నుంచి ముదురు దాకా వరసగా పెట్టమ్మా" అన్నారు. నాకు అది పరీక్ష అనిపించనేలేదు. రంగులో ముంచిన నూలు కట్టలు ఆరాక, ఏ చిలప ఏ చీరకు పోవాలో చూసి విడదీసే పని చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో నాదే. గబగబా పెట్టేశాను. ఆయన ఒక్క బిళ్ల కూడా జరపలేదు.

"నోటికి ఆ చెయ్యి అడ్డమెందుకు?" అని అడిగారు తర్వాత.

మా ఊరి బోరు నీళ్లు తాగి పెరిగిన పళ్లు నావి. ఫ్లోరైడు. మీద సున్నం మచ్చలు, మధ్యలో ఇటుకరాయి రంగు చారలు. పట్నం వచ్చినప్పటి నుంచీ నవ్వితే చెయ్యి దానంతటదే నోటి మీదికి పోయేది. ఆ రోజు ఎందుకో తీశాను. "నా పళ్ల రంగు మీ బిళ్లల్ల లేదు సార్" అన్నాను.

ఆయన జాలిపడలేదు. కళ్లద్దాలు సర్దుకుని దగ్గరగా చూసి, బిళ్లల వైపు చూసి, "నిజమే, లేదు" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆయన మీద నాకు గురి కుదిరింది. ఇప్పటికీ అది పూర్తిగా పోలేదు.

మొదటి రెండేళ్లు పని నేర్చుకోవడంతోనే సరిపోయింది. మూడో ఏడు, నాకంటే వెనక చేరినవాళ్లు సార్ గదిలోకి వెళ్లి ఏదో ఒకటి అడిగి తెచ్చుకోవడం చూశాను. జీతమో, సెలవో, కిటికీ పక్క బల్లో. నాకూ అడగాలని ఉంది. ఆ మాట ఇంట్లో అంటే నాయిన తింటున్న కంచం పక్కకు జరిపాడు.

"పడుగు మగ్గం మీద ఉండంగ నోరు తెరువొద్దు బిడ్డ. పడుగు దిగినంక సావుకారే ఒచ్చి అడుగుతడు."

మా ఇళ్లల్లో అదొక పద్ధతి. షావుకారు నూలిచ్చి పడుగు, అంటే మగ్గం మీదికెక్కే నిలువు దారాలు, అప్పజెబితే, దాని మీద వచ్చే ఏడెనిమిది చీరలూ నేసి కోసిచ్చేదాకా నేతగాడు కూలి మాట ఎత్తడు, ఇంకో షావుకారు గడప తొక్కడు. ఇంట్లో పెళ్లి పడినా, చావు పడినా అంతే. ఆఖరి చీర కోసిన రోజు షావుకారు తానే వచ్చి, మగ్గం గుంట గట్టు మీద కూర్చుని, "ఏం కావాలె?" అని అడుగుతాడు. ఆ మాట కోసం మా ఇంట్లో ఎంత ఎదురుచూసేవాళ్లమో నాకు గుర్తుంది. అమ్మ ఆ రోజు గుంట చుట్టూ కూడా అలికేది. షావుకారు వచ్చి వెళ్లేదాకా పిల్లల్ని బయటికి తోలేవాళ్లు. కాబట్టి ఆ "ఏం కావాలె" తర్వాత లోపల ఏం జరిగేదో మాకు తెలియదు. ఏదో గొప్పదే జరుగుతుందనుకునేదాన్ని.

"అడిగి తెచ్చుకుంటే కూలి. ఆయనంతట ఆయన అడిగి ఇస్తే మర్యాద," అన్నాడు నాయిన. నేను అడగలేదు.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. పళ్ల ల్యాబులో పడుగు ఎక్కడిది? ఈ రోజు పది క్యాపులు పోతే రేపు పదిహేను అచ్చులు వస్తాయి. కోసి తీసే చీర లేదు, గట్టు మీద కూర్చునే రోజూ లేదు. ఆ సంగతి నాకు పదిహేనేళ్లు తట్టలేదు. ఒక పెద్ద పని అయినప్పుడల్లా ఇదే పడుగు దిగడం కాబోలనుకుని, సార్ గది తలుపు వైపు చూసేదాన్ని.

అన్నిటికంటే పెద్ద పని ఫ్లోరైడు బిళ్లలు. ఎల్బీనగర్ చౌరస్తాలో నల్గొండ బస్సులు ఆగుతాయి కాబట్టి, ఆ చుట్టుపక్కల డాక్టర్ల దగ్గరికి మా వైపు జనమే ఎక్కువ వస్తారు. ఒకసారి ఒక రైతుకు ముందుపన్ను క్యాపు పంపాం. మేము చేసింది ముత్యంలా ఉంది, పక్కవన్నీ మట్టిరంగు. వారం తిరక్కుండా క్యాపు వెనక్కి వచ్చింది. "నా నోట్ల ఇంకెవల్దో పన్ను పెట్టినట్టుంది" అన్నాడట ఆయన. సార్ తల పట్టుకున్నారు. నేను మాత్రం రాత్రంతా ఆ మాటే తలుచుకున్నాను. అలాంటి నోరు నాకూ ఉంది కదా.

మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నం తిన్నాక మిగిలే అరగంటలో బిళ్లలు చేయడం మొదలుపెట్టాను. సున్నపు తెలుపు, దాని మీద లేత పసుపు, టీ డికాషన్ రంగు, తుప్పు రంగు, గోధుమ చారలు. ఊరికి పోయినప్పుడు బావి దగ్గర ఆడవాళ్లను నవ్వించి మరీ పళ్లు చూసేదాన్ని. ఈమెకు పట్నం పోయి పిచ్చి పట్టిందన్నారు. కాల్చినవాటిలో సగం పగిలేవి, మిగిలిన సగంలో రంగు కుదిరేది కాదు. నూలుకు రంగు ఎక్కించేటప్పుడు నాయిన అనేవాడు, తడి మీద చూసి మురవొద్దు, ఆరినంక చూడాలని. పింగాణీ కూడా అంతే, కాలాక చూడాలి. రెండేళ్లు పట్టింది. మొత్తం నలభై బిళ్లలు అయ్యాయి. ఇంట్లోంచి అమ్మ పాత పోపుల డబ్బా తెచ్చి, ఆవాల గిన్నెలో లేతవి, మెంతుల గిన్నెలో ముదురువి, అలా సర్దిపెట్టాను.

ఆ డబ్బాతోనే మా ల్యాబుకు పేరొచ్చింది. ఎల్బీనగర్, వనస్థలిపురం దాటి, నల్గొండ నుంచి కూడా డాక్టర్లు అచ్చులు పంపేవాళ్లు. "నల్గొండ పళ్లా? మా దగ్గరికే పంపండి" అని సార్ ఫోన్లో అంటుంటే నాకు గర్వంగా ఉండేది. కొత్త ఫర్నేసు కొన్న రోజు కొబ్బరికాయ కొట్టి, మొదటి క్యాపులు నా చేతే లోపల పెట్టించారు. అందరూ వింటుండగా, "నా తర్వాత ఈ ల్యాబు నీదే అనుకోమ్మా" అన్నారు.

సంతోషంలో అన్నారు. పెద్దవాళ్లు పిల్లల తలమీద చెయ్యి పెట్టి నూరేళ్లు బతకమంటారే, అలా. నేను మాత్రం ఆ మాటను పడుగు అప్పజెప్పినట్టే తీసుకున్నాను. ఆ రోజు నుంచి నాకు కావాల్సింది ఏమిటో నాకు స్పష్టంగా తెలుసు. ఆ రెండు గదులు, ఆ కిటికీ వెలుగు, ఆ పని. పెళ్లయింది, బాబు పుట్టాడు, అమ్మ పోయింది. వీటన్నిటి వెనకా ఆ మాట నాకు కొండంత అండగా ఉండేది. పనిలో ఒళ్లు దాచుకోలేదు. దుమ్ముకు దగ్గొచ్చినా, కళ్లు మండినా, సొంత ఇంటి పని కదా అన్నట్టు చేశాను.

మధ్యలో ఒకతను చేరాడు. హయత్‌నగర్ వైపు పిల్లవాడు, నా తమ్ముడి వయసు. రంగు కలపడం నా పక్కనే కూర్చుని నేర్చుకున్నాడు. పనిలో నా అంత కాదు, ఆ మాట అతనే ఒప్పుకునేవాడు. కానీ నోరుంది. నాలుగేళ్లు కాగానే సార్ గదిలోకి వెళ్లి, సొంతంగా పెట్టుకుంటానన్నాడు. మూల పడున్న పాత ఫర్నేసు ఇవ్వమని కూడా అడిగాడు. సార్ ఇచ్చేశారు. నేను ఆశ్చర్యపోతే, "అడిగాడు, ఇచ్చాను. పడుంటే తుప్పేగా పట్టేది" అన్నారు.

అతను వెళ్తూ నా బల్ల దగ్గర ఆగాడు. "అక్కా, నాతోని రా. ఎల్బీనగర్ల పెడుతున్న. సగం నీది, సగం నాది. నీ చెయ్యి ఉంటే మనకు తిరుగుండదు."

"మాటిచ్చిన పని ఉంది" అన్నాను.

"ఎవలికిచ్చినవక్కా?"

నేనెవరికీ మాటివ్వలేదు. ఎవరో నాకిచ్చారనుకున్న మాటను నేను కాపలా కాస్తున్నాను. ఆ రోజు వెళ్లుంటే ఏమయ్యేదోనని ఇన్నేళ్లలో లెక్కలేనన్ని సార్లు అనుకున్నాను.

తర్వాత ఉద్యమం ముదిరింది. బంద్ లేని వారం ఉండేది కాదు. మా సందులో కోచింగ్ సెంటర్లు మూతబడేవి, హాస్టళ్ల పిల్లలు రోడ్డు మీదికొచ్చేవాళ్లు. తెలంగాణ రావాలని నాకూ గట్టిగానే ఉండేది. మా ఊళ్లో ఫ్లోరైడు నీళ్లకు నడుములు వంగిపోయిన మనుషుల్ని చూసి పెరిగినదాన్ని, మంచినీళ్ల మాట ఎత్తినవాళ్ల వెనక పోకుండా ఎలా ఉంటాను? ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీద వంటావార్పు పెడితే ఆదివారం పోయి ఉప్మా కలిపి వచ్చాను. సోమవారం ల్యాబుకు పోయాను. "తెలంగాణ అంటవు, ఆంధ్రాయిన దగ్గర పళ్లు తోముతవు" అని మా వాడకట్టులో ఆటపట్టించేవాళ్లు. తోమను, చేస్తానని చెప్పినా వినేవాళ్లు కాదు.

సార్ బాగా భయపడ్డారు. బోర్డు మీద వాళ్ల ఊరి పేరు ఉండేది. రంగు వేయించాలని దించి, మళ్లీ పెట్టలేదు. ఆయన్నెవరూ ఏమీ అనలేదు. కింద టీ కొట్టతను ఎప్పట్లాగే పైకి చాయ్ పంపేవాడు. కానీ భయం అనేది ఎవరో ఏదో అంటేనే పుట్టదు కదా.

బస్సులు పూర్తిగా ఆగిపోయిన రోజుల్లో ఎల్బీనగర్ నుంచి ఒక డాక్టరు ఫోన్ చేశాడు. ఊరేగింపు తొక్కిసలాటలో ఒక విద్యార్థికి ముందుపన్ను విరిగింది. మర్రిగూడ వైపు పిల్లవాడు, పళ్లన్నీ ఫ్లోరైడు. అచ్చు తీసుకురావడానికి మనిషి లేడు. సార్ తానే స్కూటర్ మీద వెళ్లారు. దారిలో రెండుచోట్ల ఆపారట. ఏం చెప్పారో తెలియదు, అచ్చును తువ్వాల్లో చుట్టి పొట్టకు ఆనించుకుని తెచ్చారు. నేను సరూర్‌నగర్ నుంచి చెరువు కట్ట మీదుగా నడిచి వచ్చాను. మిగతా ముగ్గురూ రాలేదు. షట్టరు సగం దించి ఇద్దరమే పని చేశాం.

పోపుల డబ్బాలో మెంతుల గిన్నె తీసి, మూడో బిళ్ల దగ్గర ఆగాను. సార్ పక్కన నిలబడి చూస్తున్నారు. "ఎలా తెలుస్తుందమ్మా నీకు?" అన్నారు. ఇన్నేళ్లలో ఆయన అలా అడగడం అదే మొదటిసారి.

"తెలుస్తది సార్. మా ఊరి రంగు గద."

క్యాపు కాలి బయటికి వచ్చాక వేళ్లమధ్య పట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు చూశారు. "ఈ ఒక్కటి మన తరఫున ఊరికే ఇద్దాం" అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరక్కుండానే, "రేపు రాష్ట్రం వచ్చాక మమ్మల్ని ఉండనిస్తారంటావా?" అన్నారు.

"మీరెందుకు పోతరు సార్? మిమ్మల్ని పొమ్మన్నదెవరు?" అన్నాను. నిజంగానే అన్నాను. కానీ లోపల ఇంకో మాట కూడా మెదిలింది. ఆయన పోతే ఈ ల్యాబు నాదే కదా అని. అలా అనుకున్నందుకు అప్పుడే సిగ్గుపడ్డాను. అయినా, ఏం కావాలని ఇప్పుడైనా అడుగుతారేమోనని ఎదురుచూశాను. ఆయన స్కూటర్ తాళాలు వెతుక్కున్నారు.

రాష్ట్రం వచ్చింది. మా వాడలో పటాకులు కాల్చారు, నేనూ మిఠాయి పంచాను. కొన్ని నెలల తర్వాత ఒకరోజు పొద్దున్నే సార్ అందర్నీ ముందుగదిలోకి పిలిచారు. విజయవాడలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నామని, ఒంట్లో ఓపిక తగ్గిందని చెప్పారు. ల్యాబును, మన దగ్గర నేర్చుకుని ఎల్బీనగర్‌లో పెట్టుకున్న ఆ హయత్‌నగర్ అతనికే అమ్మేశానన్నారు. "రాష్ట్రం ప్రకటించిన వారానికే ఫోన్ చేసి, అమ్మితే నాకే ఇవ్వండని అడిగాడు. మీ ఉద్యోగాలు ఎక్కడికీ పోవు, అలా అయితేనే ఇస్తానన్నాను" అని కూడా చెప్పారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో ఒక మంచి పని చేసిన తృప్తి ఉంది.

మిగతావాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. నేను లోపలిగదిలోకి పోయి కుళాయి తిప్పి ముఖం కడుక్కున్నాను. ఏడవలేదు. చేతిలో ఉన్న క్యాపు ఆ రోజే పోవాలి, అది పూర్తి చేశాను.

దీన్ని ఆంధ్రా, తెలంగాణ లెక్కలోకి తోయాలని చాలామంది చూశారు. నేను తోయనివ్వను. అమ్మింది తెనాలాయన, కొన్నది హయత్‌నగర్ అతను. ఇద్దరూ నాకు అన్యాయం చేయాలనుకోలేదు. అదే నాకు మరీ కష్టంగా ఉండేది. కోపం పెట్టుకోవడానికి ఒక మనిషైనా దొరకలేదు.

సార్ ఆఖరి రోజు సామాను జాబితా రాస్తూ నన్ను పిలిచారు. ఒక్కో వస్తువూ నేను చెబుతుంటే ఆయన టిక్కు పెట్టారు. మధ్యలో కలం ఆపి, "నిన్నే అడుగుదామనుకున్నానమ్మా ఒకసారి" అన్నారు. "ఇల్లు, పిల్లాడు, మీ నాన్నగారు, ఇంత బరువు మళ్లీ నీ నెత్తినెందుకులే అనిపించింది. కావాలనుంటే నువ్వే అడిగేదానివి కదా."

వాళ్ల వైపు పద్ధతి అదేనేమో. కావాల్సినవాళ్లు అడుగుతారు, అడగనివాళ్లకు అక్కర్లేదు. మా పద్ధతి నేను ఆయనకెప్పుడూ చెప్పలేదు. ఒక్క గదిలో పదిహేనేళ్లు పనిచేసి, ఒకరి పద్ధతి ఒకరికి తెలియకుండా గడిపాం.

జాబితాలో తర్వాతి పేరు చదివాను. రంగు బిళ్లల డబ్బా, ఒకటి.

"అది మా ఇంటి డబ్బా సార్" అన్నాను. "మా అమ్మ పోపుల డబ్బా. నాకియ్యండి."

ఆయన ముందు తెల్లబోయి, తర్వాత నవ్వి, ఆ పేరు కొట్టేశారు. "కొన్నతనికి నేను చెప్పుకుంటాలే" అంటూ తానే లేచి అరలోంచి డబ్బా దించి, తువ్వాలుతో తుడిచి నా చేతుల్లో పెట్టారు. కుర్చీలో కూర్చోకుండా, నా బల్ల అంచుకు ఆనుకుని కూర్చున్నారు. ఎంతో ఆప్యాయంగా నా ముఖంలోకి చూసి, "ఇంకేం కావాలమ్మా?" అన్నారు.

పదిహేనేళ్లు ఆ మాట కోసమే ఉన్నాను. గట్టు మీద కూర్చున్నట్టే కూర్చుని, అచ్చంగా ఆ మాటే అడిగారు. ఇవ్వడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేనప్పుడు అడిగారు. అయినా చెప్పొచ్చు. ఈ ల్యాబు నాదే అన్నారు కదా సార్, నేను నమ్మాను సార్ అనొచ్చు. ఆయనకు తెలియాలి కదా. నోరు తెరిచాను.

"ఏం వద్దు సార్. మీ దయ" అన్నాను.

ఇంటికి వచ్చేసరికి నాయిన మంచం మీద కూర్చుని ఉన్నాడు. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. మా పక్క వాటాలోనే ఉండేవాడు. డబ్బా ఒళ్లో పెడితే మూత తడిమి, "మీ అమ్మది గద" అన్నాడు. జరిగినదంతా చెప్పాను.

"ఆఖరికి అడిగిండా లేదా ఆయన?"

"అడిగిండు."

"నువ్వేమన్నవు?"

"ఏం వద్దన్న. మీ దయ అన్న."

నాయిన డబ్బా మూత తీశాడు. డబ్బాలో చిన్న గిన్నెలను ఒక్కొక్కటే వేలితో తిప్పుతూ ఉన్నాడు.

"నేను గూడ గంతనే అనేటోన్ని బిడ్డ," అన్నాడు. "పడుగు దిగినప్పుడల్ల సావుకారి ఒచ్చి కూసునేటోడు. ఏం కావాలె అనేటోడు. ఏం వద్దు, మీ దయ అనేటోన్ని. మొదటిసారి అడిగితే గట్లనే అనాలె, అది మర్యాద. ఇంకోసారి అడిగితే చెప్దామని మనసుల పెట్టుకునేటోన్ని. సొంత మగ్గం కావాలె అని. ముప్పై ఏండ్లు చూసిన. రెండోసారి ఒక్కనాడు గూడ అడగలే. లేచి దులుపుకొని పోయేటోడు."

మేము బయట ఆడుకుంటున్నప్పుడు లోపల జరిగింది అదన్నమాట. నాకు ఒళ్లు మండింది. జీవితంలో నాయిన మీద గొంతు పెంచింది ఆ ఒక్కసారే.

"మరి నాకెందుకు చెప్పినవ్ నాయినా, అడగొద్దని?"

"నాకు తెల్సింది గదే బిడ్డ," అన్నాడు. "ఇంకోటి తెల్సుంటే ఇంకోటి చెప్దును."

ఆ తర్వాత ఏడాది కొత్త యజమాని దగ్గర పనిచేశాను. బాగానే చూసుకున్నాడు, అక్కా అనే పిలిచాడు. ఏడాది నిండిన రోజు అతని గదిలోకి వెళ్లి, కుర్చీ పట్టుకుని నిలబడి, సొంతంగా పెట్టుకుంటాను, మీ దగ్గర మూలకున్న ఆ పాత ఫర్నేసు ఇవ్వమని అడిగాను. ఒకప్పుడు సార్ అతనికిచ్చిన ఫర్నేసే అది. అతను నవ్వాడు. "ఇన్నేండ్లు పట్టిందా అక్కా?" అని, సాయంత్రానికి ఆటోలో వేయించి పంపాడు.

ఇప్పుడు కర్మన్‌ఘాట్ గుడి దాటాక ఒక గదిలో నా ల్యాబు ఉంది. మంగళవారం గుడికొచ్చే జనంతో సందు నిండిపోతుంది, అచ్చులు తెచ్చే మనిషి తిట్టుకుంటూ వస్తాడు. పెద్దదేమీ కాదు. ఆ పోపుల డబ్బా కిటికీ దగ్గరుంది. నాయిన పోయి మూడేళ్లయింది.

కష్టం ఫలించిందా అంటే, చేతికి వచ్చిన పని నాకు దక్కింది. దాన్ని ఏ జాబితాలోనూ ఎవరూ రాసుకోలేకపోయారు. కానీ పని చూసి ఎవరో వచ్చి అడుగుతారని తలుపు వైపు చూస్తూ గడిపిన ఏళ్లున్నాయే, అవి పోయినట్టే. వాటిని తలుచుకుంటే ఇప్పటికీ గుండెలో ముల్లు కదిలినట్టుంటుంది. ముప్పై నాలుగేళ్లకు మొదలుపెట్టిన పనిని పాతికేళ్లకే మొదలుపెట్టి ఉండొచ్చు.

నా దగ్గర ఒకామె పనిచేస్తుంది. తుర్కయంజాల్ నుంచి వస్తుంది, ఇద్దరు పిల్లలు, నెమ్మదైన మనిషి. చెయ్యి చాలా మంచిది. ప్రతి నెలా ఆఖరి రోజు పని అయ్యాక, ఆమె బల్ల పక్కకు స్టూలు లాక్కుని కూర్చుని, "ఏమన్న కావాల్నా?" అని అడుగుతాను.

"ఏం వద్దక్కా," అంటుంది ప్రతిసారీ. తల కూడా ఎత్తదు.

నేను లేవను. అక్కడే కూర్చుని మళ్లీ అడుగుతాను.